అరువు ముక్కు

అందరూ మొప్పలెత్తి చూస్తారు,
నేను ముక్కుతోనే చెప్పేదాన్ని.
ఇది నిన్నటి కోనెం.
ఇది మొన్నటిది, ఐసు కింద పడుకుని వయసు దాచుకుంది.
పెదజాలారిపేట ఒడ్డున వలలు విప్పితే
బేరానికి ముందు నన్నే పిలిచేవారు.

జ్వరం పదకొండు రోజులుండి పోయింది.
పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది.
వస్తుందిలే అన్నాడు డాక్టరు.
నాలుగేళ్ళు. రాలేదు.

చేప సంగతి సరే, వేలితో నొక్కుతాను.
సొట్ట నిలిచిపోతే పాతది, తిరిగి లేస్తే కొత్తది.
నా భయమంతా పొయ్యి పక్కన
ఎర్రగా నిలబడ్డవాడితోనే.

బండ తెచ్చే అప్పలకొండ చెప్పాడు
మెట్ల మీద భుజం మార్చుకుంటూ:
"ఏటనుకున్నావప్పా, ఈ గ్యాసుకి దానంతట దానికి వాసన్లేదు.
మనకి తెలవాలనే కంపు కలుపుతారు."
నవ్వొచ్చింది.
ఊరందరికీ వినబడేలా వాడి మెళ్ళో గంట కట్టారు,
చెవిటిదాన్ని నేనొక్కదాన్నే.

అందుకే కొత్త బండ బిగించిన రోజు
గిన్నెలో సబ్బునీళ్ళు గిలక్కొట్టి
రెగ్యులేటరు మెడ చుట్టూ, గొట్టం రెండు చివరలా రాసి
కళ్ళజోడు పెట్టుకుని కూచుంటాను.
బుడగ లేచిందా, వాడు ఊపిరి వదుల్తున్నాడు.
లేవలేదా, నేను వదుల్తాను.
అగ్గిపుల్ల గీసి చూసే మగాళ్ళున్నారు ఈ వీధిలో.
మా ఆడపడుచు మొగుడొకడు.
వాడి కనుబొమ్మలు ఇప్పటికీ సరిగా మొలవలేదు.

మా ఉప్పుగాలి
తలుపు గొళ్ళేన్నే తినేస్తుంది, బండ అడుగుని వదుల్తుందా?
తడి తగలకుండా చెక్కపీట వేశాను.
పడుకోబెట్టను.
నిలబడే ఉండాలి, పెళ్ళిలో బావమరిదిలా.
గొట్టం మీద అచ్చేసిన సంవత్సరం
నాకు చదవడం రాదు, పక్కింటి పావని చదివింది:
"దాటిపోయింది పెద్దమ్మా."
ఆ పూటే మార్పించాను.
ఆ పూటకి కూర లేదు, అటుకులు.

ఇన్ని చేసినదాన్నేనా?
ఆ సాయంత్రం సముద్రం మీంచి గాలి లేచింది.
నెత్తళ్ళ పులుసు సిమ్ములో పెట్టి
గుమ్మంలో వల కుడుతున్నాను.
మంట ఎప్పుడారిందో,
గాలి ఆర్పిందో పొంగు ఆర్పిందో.
నాకు గాలి గాలిలాగే ఉంది.
పిల్లి మాత్రం మంచం కింద నుంచి లేచి పోయింది.
పొగలా పైకి పోదట అది,
నీళ్ళలా పల్లానికి పాకి
నేల మీద మడుగు కడుతుందట.
తర్వాత తెలిసింది.

పావని పుస్తకం పట్టుకొచ్చి గడపలో ఆగిపోయింది.
"పెద్దమ్మా! మురిగిన గుడ్డు!"
చీకటి పడుతోంది కదా,
నా చెయ్యి స్విచ్చు మీదికెళ్ళింది.
తొమ్మిదేళ్ళ గుంట
నా మణికట్టు పట్టుకు లాగింది.
"లైటెయ్యకు! ఫ్యానెయ్యకు! ఏటీ ముట్టుకోకు!"
బళ్ళో చెప్పారట.

రెగ్యులేటరు కట్టేశాను.
కిటికీ, పెరటి తలుపు బార్లా తీశాను.
ఇద్దరం ఇసకలోకి నడిచి పడవ పక్కన కూచున్నాం.
అటొచ్చే వాళ్ళ బీడీలు అరిచి ఆర్పించాను.
దూరం నుంచి నా ఇల్లు,
తలుపులు తెరుచుకుని, దీపం లేకుండా.
ఏమీ జరగలేదు.
దానికే మోకాళ్ళు వణికాయి.

పులుసు రాత్రి పొద్దుపోయాక తిన్నాం.
ఉప్పెక్కువైంది.

వాసన పసిగట్టి కూత పెట్టే డబ్బా ఒకటుందట,
నేల దగ్గరగా గోడకి బిగించాలట.
చీటీ పాడగానే కొంటాను.
అందాకా రోజూ రాత్రి
కట్టేసిన రెగ్యులేటర్ని మళ్ళీ చేత్తో తడిమి
గోడ మీంచి పిలుస్తాను:
"ఒలే, ఒకసారి నీ ముక్కు ఇయ్యి."
కూలి ఒక చేగోడీ.

వస్తుంది. వంటింట్లో మోకాళ్ళ మీద వంగి
నేలకి ముఖం ఆనిస్తుంది.
"గ్యాసు లేదు పెద్దమ్మా."
"మరేటుంది?"
"కరేపాకు మాడింది. నీ తలనూనె. తడి గోనె.
బయటెవరో ఎండుచేపలు తియ్యడం మర్చిపోయారు."

నేను కళ్ళు మూసుకుని
ఒక్కొక్కటీ పీలుస్తాను.
"ముందుది మళ్ళీ చెప్పవే."
"కరేపాకు," అంటుంది చేగోడీ కొరుకుతూ.