ఒక ఎస్సు ఎక్కువ

అక్షరానికి రెండు పౌన్లన్నాడు ఆక్రాయిడ్,
చెవి వెనక పెన్సిలు, కనుబొమల మీద రాతిపొడి.
ఖాళీలకి తీసుకోనన్నాడు, అదేదో మేలు చేస్తున్నట్టు.

నాన్న పేరు ఖరారైంది: త్సిమొహ్ హర్బాత్సెవిచ్.
పుట్టిందీ పోయిందీ ఖరారైంది.
ఆ కింద, ఎవరని రాయాలి?
అక్కడ ఆగిపోయాం, అమ్మా నేనూ ఉలీ.

హల్ రేవులో దిగిన రోజు గుమాస్తా "పోలిష్" అని రాసుకున్నాడు,
ఊరు అంతకుముందు ఆ దేశం కింద ఉండేది గనక.
బ్రాడ్‌ఫర్డ్ ఉన్నిమిల్లు కార్డు మీద "వైట్ రష్యన్" అని కొట్టారు.
ఇంకేం, జారు కొలువు నుంచి పారిపోయొచ్చిన దొర అనుకుని
దువ్వెన యంత్రాల దగ్గర ఆడవాళ్ళు అడిగేవారట,
మీ మేడకి ఎన్ని గదులని.
నాన్నకి ఉన్నదల్లా ఒక ఆవు,
దాంట్లోనూ సగం మేనమామది.
పబ్బులో ఆ పేరుతోనే ఒక గ్లాసు దొరికేది:
వోడ్కా, కాఫీ సారా, పైన మీగడ.
"నన్ను తాగేస్తున్నారే అలయీజా" అని నవ్వేవాడు,
సగం నవ్వు.

తర్వాత వార్తల్లో, కాగితాల్లో
"బైలోరష్యన్" వచ్చింది. పన్నెండక్షరాలు,
నడుమ ఇద్దరు కాపలావాళ్ళలా రెండు ఎస్సులు.
ఆ రెండూ కలిశాయంటే నాలుక జారి "ష" అంటుంది,
"ష" అన్నావా, రష్యా అయిపోయావు.
చెంచాతో బల్ల మీద కొట్టి మరీ చెప్పేవాడు:
రుస్ వేరు. రష్యా వేరు.
రుస్ అంటే పాత నదుల నాటి మాట.
మన ఇంటిపేరు ఎదురింటివాడు పెట్టుకుంటే
మన ఇల్లు వాడి కొట్టం అయిపోతుందా?

మరి తెలుపెందుకు నాన్నా, అంటే
ఒక్కోరోజు ఒక్కో జవాబు.
మంచు అనేవాడు. నార చొక్కాలు అనేవాడు.
కప్పం కట్టని నేల అనేవాడు, పన్ను నోటీసు వచ్చిన రోజు.
ఎవరికి తెలుసే, అనేవాడు చివరికి,
తెల్లబట్ట మీద ఎవరు తొక్కినా
అడుగు మాత్రం కనబడుతుంది.

అమ్మకి ఈ గొడవే పట్టదు.
తన చిన్నప్పుడు జనాభా లెక్కలవాడు గుమ్మంలో నిలబడి
మీరెవరమ్మా అంటే, వాళ్ళమ్మ
ఉల్లిపాయలు జడ అల్లుతూ, తలెత్తకుండా
"ఇక్కడివాళ్ళం" అందట.
ఏ జాతి? ఇక్కడి జాతే.
ఏ భాష? ఇక్కడిదే.
వాడు విసుక్కుని, గడిలో అదే రాసుకుని పోయాడట.
"అది చెక్కించు" అంటుంది అమ్మ.
ఈ యార్క్‌షైర్ గుట్ట మీద, ఈ మట్టిలో,
ఇక్కడివాడనా అమ్మా?
"మరి ఎక్కడున్నాడు?"

నేను పదక్షరాల మాటే రాసిచ్చాను.
ఆక్రాయిడ్ తన నిఘంటువు తెరిచి వెతికాడు,
అట్ట ఊడిన పుస్తకం, నేను పుట్టకముందుది.
"నీ మాట ఇందులో లేదే, అమ్మాయ్."
లేదు. దేశం తన పేరు తాను చెప్పుకుని
ఇంకా రెండేళ్ళు నిండలేదు.
ఆ చలికాలం నాన్న రేడియోలో విని
కొత్త కట్టుడుపళ్ళతో పలికి చూసుకున్నాడు,
బెలరూసియన్.
"స" దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి.

ఆక్రాయిడ్ మంచివాడే. చేతికి అలవాటు పోలేదు,
రెండో ఎస్సు కూడా చెక్కేసింది.
తర్వాత రాతిపొడీ జిగురూ కలిపి పూడ్చాడు,
నా వైపు చూడకుండా. దానికి డబ్బు తీసుకోలేదు.
ఇప్పుడు రాతి మీద ముందు దేశం,
ఒక అక్షరమంత ఖాళీ,
ఆ తర్వాత, కొంచెం ఎడంగా, మనిషి.

ఎండలో ఏమీ తెలియదు.
వాన పడితే పూడ్చిన చోటు నల్లగా తేలుతుంది,
ముడుచుకు పడుకున్న పాములా ఆ ఎస్సు.
ఇక్కడ వానలెక్కువ.
అమ్మ గొడుగు నాకిచ్చి, వంగి,
బొటనవేలితో రుద్దుతుంది.
తుడిస్తే పోదమ్మా, ఆరితే పోతుంది అంటాను.
"ఆరేదాకా ఉందాం" అంటుంది.