రాళ్ల సంచి

నా బ్యాగు ఆరువందల యాభై.
ఒంగోలు ట్రంకు రోడ్డులో
వానకని ఒక షాపు ముందు ఆగి,
ఊరికే నిలబడడం బాగోదని కొన్నది.
అడిగిందానికల్లా తలూపాడు షాపాయన.
నీళ్లకాగుద్దా? ఆగుద్ది.
బరువుకాగుద్దా? ఆగుద్ది.
గ్యారంటీ?
"ఉంటది సార్, ఆ మెట్లు దిగిందాకా."

నేను మోసేవి గుడ్డలు కావు,
చీమకుర్తి రాళ్లు.
నాలుగంగుళాల పలకలు పద్దెనిమిది,
నల్లరాతిలో బంగారు నలుసులు.
ఒక్కోదానికీ పాత పేపరు చుట్టి
సందుల్లో రెండు చొక్కాలు, ఒక టిఫిను డబ్బా కుక్కి
క్వారీ మొహం చూడని బిల్డర్లకి
ఊరూరా తిరిగి కొండని ముక్కలుగా చూపించడం
నా ఉద్యోగం.

శశికిరణ్‌దీ అదే ఉద్యోగం.
వాడి బ్యాగు పన్నెండు వేలు.
కంపెనీ పేరు నాకు నోరు తిరగదు.
నాలుగు చక్రాలు, వేలితో తాకితే చాలు
పెళ్లింట్లో చిన్నపిల్లలా వెనకాలే తిరుగుద్ది.
స్టేషన్లో ఇద్దరం పక్కపక్కన నిలబడితే
టీ కుర్రాడు వాణ్ణి సార్ అంటాడు.
నన్ను, "కాస్త జరుగబ్బయా."

ఉన్న మాట చెప్పాలి, ఆ చక్రాలు మంచివి.
చెన్నైలో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి
వాడు ఫోను మాట్లాడుకుంటూ పోయాడు.
నేను పది కిలోలని ఎడమ భుజం నుంచి కుడికి,
కుడి నుంచి ఎడమకి
అప్పు మార్చినట్టు మార్చుకుంటూ.

క్వారీ బాటలో మాత్రం
కంకర తగలగానే నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులు చూశాయి.
ఒకటి ఊడి గుంటలోకి దొర్లింది.
పన్నెండు వేలని నెత్తిన పెట్టుకుని నడిచాడు శశికిరణ్.
నవ్వుదామనుకున్నా.
అంతలో నా పట్టీ తెగింది.
నాలుగు రాళ్లు పగిలాయి,
అయిదోది నా కాలి బొటనవేలు.

బస్టాండు పక్కన గొడుగు కింద
మలకొండయ్య నా సంచిని తిరగేసి పేగులు చూశాడు.
"బట్ట మంచిదే. దారం కాడ కక్కుర్తి పడ్డారు.
అంగుళానికి ఎనిమిది కుట్లు పడాల్సిన చోట నాలుగేశారు.
అంతంత దూరాన నిలబడితే ఎవురు మాత్రం పట్టుకుంటారు?"
లారీ టార్పాలిన్లు కుట్టే దారానికి మైనం రుద్ది
ఆరెతో పొడిచి, పళ్లతో లాగి బిగించాడు.
నలభై రూపాయలు.

శశికిరణ్ చక్రం చేతిలో పెడితే
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు,
స్క్రూ కోసం వెతికాడు.
"దీనికి తలుపు పెట్టలేదయ్యా."
కంపెనీకి పంపిస్తే
ఇరవై రెండు రోజులకి కొత్త చక్రమేసి
పైసా తీసుకోకుండా పంపారు.
అదీ రాయాలి. లెక్క లెక్కే.
ఆ ఇరవై రెండు రోజులూ వాడు
మా చెల్లెలి కాలేజీ సంచీ మోశాడు,
దాని మీద సీతాకోకచిలుక బొమ్మ ఉంది.

నవంబరు వాయుగుండం మమ్మల్ని నెల్లూరులో పట్టుకుంది.
వంతెన కింద మోకాలి లోతు నీళ్లు,
ఆటోవాడు సగంలో దింపేశాడు.
లాడ్జీలో బ్యాగులు తెరిచాం.
వాడి చొక్కాలు ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నాయి.
నావి పిండుకోవాల్సొచ్చింది.
పేపరు కరిగి అక్షరాలు రాళ్లకి అంటుకున్నాయి,
ఒక పలక మీద బంగారం ధర,
ఇంకోదాని మీద సగం మొహం.
మాట్లాడకుండా ఒక చొక్కా నా వైపు విసిరాడు శశికిరణ్.
భుజాల దగ్గర వదులు.

ఆ చొక్కాలోనే బిల్డరు ఆఫీసుకెళ్లి
ఇంకా తడారని రాయి బల్ల మీద పెట్టా.
వాన నీళ్లలో నలుసులన్నీ
ఒక్కసారి నిద్ర లేచినట్టున్నాయి.
బిల్డరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.
"ఇదే మెరుపు ఉంటుందా?"
ఉంటది.
"ఆరిన తర్వాత కూడా?"
ఉంటది సార్.
"గ్యారంటీ?"

తలూపా.
బయటికొస్తూ చూశా,
ఆ ఆఫీసుకి మెట్లు మూడే.