ప్రయోజ్యురాలు

సైకాలజీ ప్రాక్టికల్స్‌కి ఒక మనిషి కావాలన్నారు హైమవతి మేడమ్.
"ఫ్రెండ్స్ వద్దు. మీరేం చదువుతున్నారో తెలియని మనిషిని పట్టుకోండి."
మా ఇంట్లో అలాంటివాళ్ళకి కొదవలేదు.

హార్బర్ నుంచి అమ్మ వచ్చేసరికి పదకొండు.
తట్ట గోడకి బోర్లించి, కాళ్ళమీద నీళ్ళు పోసుకుని,
కొంగున ఇంకా ఒక పొలుసు మెరుస్తుండగా
నా ఎదురుగా పీటేసుకుని కూచుంది,
ఆధార్ కార్డుకి ఫొటో దిగుతున్నట్టు.

ప్రయోజ్యురాలి పేరు: గరికిన పైడమ్మ.
వయసు: నలభై అని ఒకసారి, నలభై మూడని ఒకసారి.
విద్య: అడ్డగీత.
మానసిక స్థితి: మామూలు. అందరూ అదే రాస్తారు.
"మామూలంటే ఏటే?" అంది.
పుస్తకం తిరగేశాను. లేదు.

మొదట అంకెలు. నేను చదివి ఆపాలి, తను తిరిగి చెప్పాలి.
మనిషి జ్ఞాపకానికి ఏడు, మహా అయితే తొమ్మిది
అని పాఠంలో ఉంది.
పదకొండు దాటాక తడబడింది నేనే.
"యేలంపాటలో ఇంతకన్నా ఏగిరం సెప్తారు."
ఏ బోటు, ఏ ధర, ఎవరి బాకీ ఎంత,
తెల్లారగట్ల నాలుగింటి నుంచీ
కాయితం ముక్క లేకుండా మోసే తల అది.

తర్వాత రెండు గీతలు.
ఒకదాని కొసల బాణాలు లోపలికి, ఒకదానివి బయటికి.
రెండూ సమానమే. కళ్ళు మాత్రం మోసపోవాలి.
మా క్లాసులో నలభై మందిమీ మోసపోయాం,
ఏటా నేనూ మోసపోతానన్నారు మేడమ్.
అమ్మ రికార్డు బుక్కుని వెలుతురుకి తిప్పింది.
"రెండూ ఒకటే సేప. ఒకటి తోక ఇప్పింది, ఒకటి ముడిసింది.
తోకని సూసి కొంటే ములిగిపోతాం."
లోపం: సున్నా, అని రాసి
కింద గీత కూడా గీశాను, కొంచెం గర్వంగానే.

చివరిది మాటలు.
నేనొకటి అంటే, మనసుకి ముందు తట్టింది తను అనాలి.
ఫోన్లో స్టాప్‌వాచ్. దానిమీద నా వేలు.

ఉప్పు: సేప. ఒక సెకను.
అప్పు: సుక్కురారం. ఒకటి.
తుపాను: రేకులు. ఒకటి.
మొగుడు: నవ్వింది, "మీ అయ్య". రెండు.
చావు: కర్సు. ఒకటి.
గొడుగు:

గొడుగు.

బయట కుళాయి దగ్గర ఎవరో బిందె మార్చారు.
డాల్ఫిన్ కొండ వైపు గాలి
కాగితం అంచు లేపి, వదిలి, మళ్ళీ లేపింది.
అమ్మ నన్ను చూట్టం లేదు,
నా వెనక గోడనీ చూట్టం లేదు.
మా ఇంట్లో గొడుగు లేదు. ఎప్పుడూ లేదు.
వానొస్తే తట్టే తలమీద.

ఏడు సెకన్లు.
"వాన" అంది. "ఇంకేటుంతాది గొడుక్కి? రాసీ."
లేచి పొయ్యి దగ్గరికెళ్ళిపోయింది.
మిగిలిన పదమూడు మాటలూ మర్నాడు చేశాం.
అన్నీ ఒకటి, ఒకటిన్నర.

ఆలస్యమైన చోట ఏదో ఉంటుంది, అంటుంది పాఠం.
దాని దాకా ఎలా వెళ్ళాలో
రెండో సంవత్సరం సిలబస్‌లో ఉందట.

రికార్డు దిద్ది ఇచ్చారు.
7 చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన:
స్టాప్‌వాచ్ పొరపాటా? సరిచూడు.

పెన్సిల్ అంకె. తలగీత చెరిపితే ఒకటైపోతుంది.
రబ్బరు చేతిలో పట్టుకునే
పాత పోస్టాఫీసు బస్సెక్కాను.
జగదాంబ దగ్గర చినుకులు మొదలయ్యాయి.
కిటికీ అవతల ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి,
నల్లవి, పూలవి, పుల్ల విరిగి ఒకవైపు వాలిందొకటి,
ఒకే గొడుగు కింద ఇద్దరు,
భుజం తడుస్తున్నది ఎవరిదో కనబడలేదు.

ఒళ్ళో పేజీ మీద జల్లు పడింది.
మూసేశాను.
లోపల ఏడు ఏడుగానే ఉంది.