యాభై రెండు

రాత్రి రెండుంబావుకి కాసిమేడు నుంచి
ఐసు పెట్టెలు మోసే ట్రాలీ ఆటోలో వచ్చారు.
అంకయ్య చొక్కా నిండా చేప పొలుసులు,
పెదవి చివర నెత్తుటి నురగ.
మొదటి సూదికే కొట్టుకోవడం ఆగింది.
ఆగడం వేరు, మళ్లీ రాకుండా ఉండటం వేరు.
ఆ రెండోదాని కోసం
ట్రేలో ఫెనిటాయిన్ సీసాలు పెట్టుకుని
"బరువెంత?" అన్నాను.

స్ట్రెచర్ కాటా చెడి నెల రోజులు.
చెంగమ్మ కొడుకుని తల నుంచి మడమ దాకా
ఒక్కసారి చూసింది,
పడవ దిగిన వంజరాన్ని చూసినట్టు.
"యాభై రెండు."
"సుమారుగానా అక్కా?"
"ముప్పై ఏళ్లుగా వేలం పాడతన్నా. సుమారు ఏంది?"

కిలోకి ఇరవై లెక్కన
డాక్టరూ నేనూ విడివిడిగా వేసి
ఒకరి కాగితం ఒకరం చూసుకున్నాం.
వెయ్యీ నలభై. వెయ్యి దగ్గర ఆపాం.
గుండె జబ్బేమైనా ఉందా అంటే
"వీడికి లేదు. వీళ్ల నాయనకి గుండే లేదు" అంది.
అయినా ఈసీజీ కాగితాన్ని దీపం కిందికి తీసుకెళ్లి
రెండోసారి చూశాం.
నడుముకి కట్టుకున్న సంచిలోంచి
మాత్రల అట్ట తీసింది. వేరే మందు.
తొమ్మిది గళ్లు పగలకుండా ఉన్నాయి.
తొమ్మిది రోజులు.

పక్కనే గ్లూకోజు సీసా వేలాడుతోంది, చేతికందేంత దగ్గర.
అందులో కలిపితే
ఈ మందు విరిగిన పాలైపోతుంది.
ఉప్పునీళ్ల సీసా పేరు పైకే చదివాను.
సముద్రం మీద బతికే మనిషి
ఆ మాటకి తలెత్తింది.

మోచేతి మడతలో లావు నరం.
ముందు ఉత్త సెలైన్ పంపి, వేలితో తడిమి,
ఉబ్బు లేదని తేల్చుకుని...
చెంగమ్మ విసుక్కుంది. విసుక్కోనీ.

నేను చేరిన కొత్తలో
పూలు కట్టే అమ్మాయి ఒకతె.
చేతి వెనక సన్న నరం, అందులోకి ఇదే మందు, హడావిడిగా.
తెల్లారేసరికి వేళ్ల నుంచి మణికట్టు దాకా
నేరేడుపండు రంగు, గ్లౌజు తొడిగినట్టు.
చెయ్యి దక్కింది.
ముడి వెయ్యడం మాత్రం మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంది.
ఆ సూది వేసింది నేను కాదు.
పక్కన నిలబడి చూసింది నేనే.

నిమిషానికి యాభై దాటకూడదు.
నేను నలభై పెట్టాను.
"ఏందమ్మా ఇంత నిదానం?
జబ్బు అంత వేగంగా వచ్చిందే,
మందుకి తొందర్లేదా?"
జెసింతా సిస్టర్ అయితే ఏదో ఒకటి చెప్పేది.
నేను బీపీ పట్టీ బిగించాను.
నూట పది.
నూట నాలుగు.
తొంభై ఆరు.
ఎనభై ఎనిమిది.

పంపు ఆపేశాను.
అంకెలు దిగడం ఎలా ఉంటుందో
వేలం పాడే మనిషికి నేను చెప్పాలా?
ఆమె నోరు మూతపడింది.
డాక్టర్ పరుగున వచ్చాడు. కాళ్ల వైపు మంచం ఎత్తాం.
మానిటర్ మీద గీత ఒక్కో మెట్టే దిగి
దిగి
నిలబడింది.
తొంభై నాలుగు. నూట రెండు.
మళ్లీ మొదలుపెట్టాం, ఇరవైతో.
ఇరవై అయిదు నిమిషాల పని
గంటకి దగ్గరపడింది.
ఈసారి ఎందుకు నిదానమని ఆమె అడగలేదు.
నాతోపాటు కొడుకు మోచేతి మీద బొటనవేలు పెట్టి
చల్లగా ఉందా, ఉబ్బిందా,
చేప తాజాదనం చూసే వేలితో
చూస్తూ కూర్చుంది.

నాలుగున్నరకి హార్బర్‌లో పాట మొదలై ఉంటుంది.
ఎవరో ఫోన్ చేశారు. కట్ చేసింది.
మందు అయ్యాక నరంలోకి సెలైన్ పంపి
చార్టులో టైము రాశాను,
ఎక్కడ ఆపానో, ఎందుకు ఆపానో కూడా.

ఏడింటికి అంకయ్య కళ్లు తెరిచి
చొక్కా ఎవరు కోశారని అడిగాడు.

నా సూళ్లూరుపేట రైలు పోతే పోయిందని
పై వార్డు నుంచి కాటా తెప్పించి
ఇద్దరం పట్టుకుని నిలబెట్టాం.
యాభై ఒకటిన్నర.

చెంగమ్మ వంగి అంకె చూసింది.
కాలితో కాటాని ఒకసారి కదిపింది.
"రిపేరు చేయించండమ్మా" అంది,
"అర కిలో తక్కువ చూపిస్తాంది."