నలభై గడులు

టార్టులో నవంబరు. మూడున్నరకే చీకటి.
పడవ టికెట్లది, లైబ్రరీది, పార్కింగుది –
మూడు ప్రాజెక్టులకీ ఇక ఒకటే రూల్స్ ఫైలు.
బ్రౌజరుకెళ్ళే ప్రతి లైనూ
దాని చూపు దాటే వెళ్ళాలి.

సెమీకోలన్ దగ్గరే కాఫీ అయిపోయింది.
'వార్' అనే పాత మాటని గెంటేస్తుంటే ఎవరూ అడ్డురాలేదు.
ఎవరో మరిచిపోయిన కన్సోల్ లాగ్‌లకి
రెండు నిమిషాల మౌనం.
ఒంటి కొటేషనా, జంట కొటేషనా అన్నప్పుడు
కారెల్ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.
నా కుందేలుకీ అంతే.

లైను ముందు జాగా ఎంత?
రెండు స్పేసులన్నాడు కారెల్.
నాలుగు, అన్నాను. కంటికి గాలి ఆడాలిగా!
సరే, చేతులెత్తండి, అంది ఉర్వె.

లేలో ఎత్తలేదు.
ఆమె చేతులు బ్రెయిలీ పట్టీ మీద ఉన్నాయి.
"నాకు ఒక విడతకి దొరికేవి నలభై గడులు.
నీ ఇఫ్ లోపలి ఇఫ్ లోపలి మాట అందాలంటే
పన్నెండు ఖాళీలు తడుముకుంటూ రావాలి.
ట్యాబ్ అయితే మెట్టుకొక గడి.
వెడల్పంటావా, నీ ఎడిటర్లో నీ ఇష్టం."

ఆరేళ్ళుగా పక్క కుర్చీ.
నేను గాలి అనుకున్నది
ఆమె వేళ్ళకి నడక.

ట్యాబ్ అని రాశాం. లింటర్ నడిపాం.
పదకొండు వేల నాలుగు వందల తప్పులు,
సగానికి పైగా నావే.
సరిచెయ్యి అన్న ఒక్క ఆజ్ఞకి
తెర మీద అన్నీ సర్దుకున్నాయి.
లేలో వేలు ఒకసారి ఆగి, ముందుకి జరిగింది.

కొటేషన్ల గొడవ మాత్రం
సోమవారానికి వాయిదా.