ఏసీ వెనక గది

ఈళ్ల భాషలో 'ప' లేదు.
అందుకే నేను పెంచలమ్మను కాను, బెంజల.
సువైక్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల,
వంటింటి వెనక నాదొక గది.
కిటికీకి ఎదురుగా, ఎత్తున, ఆరు ఏసీ డబ్బాలు,
ఆ ఇంటి చల్లదనానికి వీపులు.
ఇల్లు కక్కిన వేడంతా నా మంచం మీదికే.

తుపాను పేరు మూడు దినాల ముందే టీవీలో చెప్పినారు.
ఏదో పువ్వు పేరంట.
జువైనా ముసలమ్మ నవ్వింది:
"నా పెళ్లి నాటి నుంచి మనవడు పుట్టేదాకా
నేను చూసింది ఒక్కటే.
వాడు పుట్టినాక ఇది మూడోది.
వాడికింకా పాలపళ్లు ఊడలేదు."

రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది.
మాకాడ కరెంటు పోతే బయటికొచ్చి కూసుంటారు,
లైన్‌మన్‌ను నాలుగు తిట్టి
ఆనక వేరే ముచ్చట్లలో పడతారు.
ఇక్కడ చీకటి ఎవురికీ అలవాటు లేదు.
ఫ్రిజ్జు, మోటరు, గేటు, ఒకటెనకాల ఒకటి మూగపోయినాయి.
మంచం పక్కన ఆక్సిజన్ మిషను మాత్రం
పాలకేడ్చే బిడ్డ మాదిరి కీచుమని కీచుమని
అదీ ఆగింది.

కొడుకు హైతమ్ మస్కట్‌లో. రోడ్డు వాగులో.
ఫోన్లో సగం మాట: "సిలిండరు... చిన్నది... అల్మారాలో..."
తెగిపోయింది.

దొరికింది. ముల్లు నిండుగా చూపించింది.
నిండుగా అంటే ఎంతసేపు?
అప్పటికే నీళ్లు గడప దాటినాయి.
ముసలమ్మను వీపునేసుకొని మిద్దెక్కినా.
ఖర్జూరాల గంపంత బరువైనా లేదు.
మళ్లీ దిగి సిలిండరు, మళ్లీ దిగి
మజ్లిస్ గోడకు అందానికి తగిలించిన
ఈతాకు విసనకర్ర.
పదేళ్లుగా దాని దుమ్ము దులిపింది నేనే.
విసరడం అదే మొదలు.

నా ఫోన్లో పద్నాలుగు శాతం.
టవరు వస్తాంది, పోతాంది.
మా చెల్లెలికి ఒక్క మాట చెప్పొచ్చు, బతికుండానని.
చెప్పలేదు. ఆ వెలుతురు ముల్లు మీద పెట్టినా.

రెండు మీదున్న గాలిని ఒకటిన్నరకు తిప్పినా.
ఆమె చూసింది. ఏమీ అనలేదు.
ఒకటికి తిప్పేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది.
అది వద్దనా, కానీ అనా,
నాకిప్పటికీ తెలీదు.

రిమోటు లేనిదే కదలని గేటు,
పదేళ్లు నన్ను ఒంటరిగా దాటనీయని గేటు,
తెల్లారేసరికి పక్కింటి గోడకు ఆనుకొని పడుకోనుంది.
దాని మీదుగానే వచ్చినాడు బలూచీ పిల్లోడు షాదాద్,
రొమ్ములోతు నీళ్లలో,
నెత్తిన పికప్ బ్యాటరీ, పళ్లతో ఇన్వర్టరు వైరు కరుచుకొని.
మిషను గురగురమంది. గంటన్నర.
ఆనక ఎదురింటి బండి బ్యాటరీ. ఆనక మసీదు పక్క చేపలాయనది.
ఒక్క బండీ కదల్లేని వీధిలో
బండ్లన్నీ వంతులేసుకొని ఆమెకు ఊపిరి పోసినాయి.

నాలుగో దినం స్తంభం మీద ఎవురో
"అరేయ్, గట్టిగ పట్టుకోరా!" అన్నారు.
మిద్దె మీద నుంచి అరిచినా, ఏ ఊరు నాయనా అని.
"జగిత్యాల, అక్కా! ఇగ గంటల అస్తది!"
గంట కాదు, ఆరు గంటలు పట్టింది.
అన్నం మూట తాడు కట్టి దించినా.
మెతుకు మిగల్చకుండా తిని, మళ్లీ ఎక్కినాడు.

లైట్లు అన్నీ ఒక్కసారే వెలిగినాయి.
పగలని మరిచిపోయి, ఎవురూ ఆర్పలేదు.
ముసలమ్మ కళ్లు తెరిచి అనింది:
"బెంజలా, తలుపు మూయి. చల్లదనం పోతాది."

నా గదిలో బురద గీత కిటికీ నడుముదాకా.
ఆరు డబ్బాల్లో నాలుగు లేచినాయి.
తడిసిన ఆమె నమాజు గుడ్డ పిండి
వాటి ముందర చేతులు చాపి పట్టుకున్నా.
అంత సేపు కూడా పట్టలేదు, ఆరిపోయింది.
ఆ సెగ నా మొగాన్ని దాటి,
పడిపోయిన గోడను దాటి,
రెండు వీధుల అవతల సముద్రం కాడికి పోతాంది.

గుడ్డ మడతపెట్టి మిద్దె మీదికి తీసుకపోయినా.