అద్దాల గది, మనిషికి రూపాయి

మల్లేపల్లి దాటినంక, అంగడిపేట రాకముందు
రోడ్డు ఒకకాడ కొడవలి లెక్క వంగేది.
ఆ వంపుల ఉండె
సిమెంటు డైనోసార్.

పచ్చగుండె అంటది అక్క ఇంద్రకళ.
బూడిద రంగని నేను.
ముప్పై ఏండ్ల సంది తెగని పంచాయితి.
దాని నోట్లకెల్లి నల్లా నీళ్లు పడేటియి,
అదొక్కటి ఇద్దరికీ యాదికుంది.
మా మర్రిగూడ బాయినీళ్లు గాదు, తియ్యటి నీళ్లు.
అమ్మ రెండు క్యాన్లు నింపుకునేది,
ఎవలన్న వద్దంటరేమోనని అటిటు చూసుకుంట.

సాగర్ గేట్లెత్తిన్రని రేడియోల చెప్తే
బాపు మగ్గం గుంటలకెల్లి లేచి
సమ్మయ్య టెంపో మాట్లాడేటోడు.
"నీళ్లు చూసొద్దాం" అనేటోడు.
మేం మాత్రం నీళ్ల కోసం పోయేది గాదు.
బరువు తూకి జాతకం అచ్చుగొట్టే మిషిని,
మూతి పెట్టనీకి బొక్క కోసిన అట్ట విమానం,
ఇగ ఆ రేకుల షెడ్డు.
గల్లాపెట్టె మీద కాలు పెట్టుకొని గౌసు మామ,
"చెప్పులు బయటనే ఇడువుండ్రి,
నవ్వులు లోపల్నే ఇడువుండ్రి!"

ఏడు అద్దాలు.
ఒకదాంట్ల బాపు పొట్టి కాగు.
ఒకదాంట్ల తమ్ముడు సోమేశ్ మెడ కొంగ మెడ.
నవ్వీ నవ్వీ అక్కకు ఎక్కిళ్లు.
అమ్మ రాలే.
రూపాయి ఊకెనే వస్తదా అని
మా చెప్పులకు కావలి కూసునేది.

పెదనాయన ముత్తిలింగం ముప్పై ఎనిమిదేండ్లకే వంగిండు.
నీళ్లు బొక్కల్ల పట్టినయన్నరు దవఖాన్ల.
ఏం తాగాల్నో మాత్రం చెప్పలే.
నేల చూసుకుంటనే నడిచేటోడు,
మనుషుల్ని పాదాలను బట్టి గుర్తుపట్టేటోడు,
కాలి పట్టీలు మారిస్తే
సొంత చెల్లెను గూడ "ఎవలమ్మా" అనేటోడు.

ఐదో అద్దం అందర్నీ వంకర జేసేది,
నడుముకాడ ఇటు, మెడకాడ అటు.
మేం చూడలేక పక్కదానికి ఉరికేది.
పెదనాయన దాని ముందలనే ఆగిండు.
దాంట్ల ఆయన
సాపుగ నిలబడ్డడు.

ఒక వంకర ఇంకో వంకరను ఎట్ల కొట్టేసిందో
మా లెక్కల సారును అడిగితే
ముందుగాల ఎక్కం అప్పజెప్పుమన్నడు.
అద్దంల నలభై దాటని మనిషి,
ఇంత వెడల్పు ఛాతి, మెడ మీద తలకాయ.
ఎవలో నాకు తెల్వలే.
ఆయనకు గూడ తెల్వలేదేమో,
"జర జరుగు పటేలా" అన్నడు.

బయటికొచ్చి ఇంకో రూపాయిచ్చిండు.
మళ్ల ఇంకోటి.
నాలుగోసారి గౌసు మామ పైసలు ముట్టలే,
అటు దిక్కు తిరిగి బీడీ ముట్టిచ్చిండు.

ఆ దినం సాగర్ల నీళ్లు ఎంత దుంకినయో
నాకు యాదికి లేదు.

నిరుడు అదే తొవ్వల పోయిన.
నాలుగు లైన్లు, నడుమ గన్నేరు చెట్లు.
వంపు లేదు. రోడ్డును సాపు జేసిన్రు.
ఇక్కడనే, ఇగో ఇక్కడనే, అనేలోపట
కారు దాటిపోయింది.
చాయ్ హోటల్ పిలగాన్ని అడిగితే
"డైనోసారా అంకుల్?" అని ఫోన్ల దేవులాడవట్టె.
అద్దాలు దేవరకొండ పాతసామాన్ల సేటు కొన్నడని
ఒకాయన చెప్పిండు, నమ్మకంగ గాదు.
ఐదోది ఏ మంగలి దుకాణంల ఉందో,
గడ్డం గీసుకుంట ఎవలు బెదురుతున్నరో.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ బీరకాయ చెక్కుతుంది.
"పచ్చదీ గాదు, బూడిదదీ గాదు.
ఉట్టి సున్నమేసిన్రు దానికి" అన్నది.
ఇంకో బీరకాయ తీస్కున్నంక, ఆగి,
"మీ చెప్పులతోటి ఆయన కట్టె గూడ నా దగ్గర్నే ఉండె.
నాలుగోసారి బయటికొచ్చి
కట్టె అడగకుంటనే టెంపో దాక నడిచిండు.
నేను కొంగు కింద దాసుకొని ఎనక పోయిన.

పిలువలే."